చిన్న ఫైబర్ బోటుకు చవకైన జీపీఎస్: గార్మిన్ ఇ-ట్రెక్స్ 10, దానితో పోల్చి చూసినవి

సూర్యలంక, నిజాంపట్నం తీరాల నుంచి అవుట్‌బోర్డు ఇంజనుతో వేటకు వెళ్ళే ఫైబర్ బోటుకు ఇరవై వేల రూపాయలకు మించకుండా జీపీఎస్ కొనదలచినవారు దుకాణంలో సాధారణంగా అడిగే ప్రశ్నలు రెండు: ఇందులో మ్యాపు ఉందా, ఇది ఎన్ని ఉపగ్రహాలను పడుతుంది. ఈ రెండింటి కోసం అదనంగా డబ్బు పెట్టనక్కరలేదని నా అభిప్రాయం. మిట్టమధ్యాహ్నం ఎండలో తెర మీది అంకెలు కనబడతాయా, వల లాగి మొద్దుబారిన తడివేళ్ళతో బటన్లు నొక్కగలమా, పాయింటుగా (గుర్తుగా) నమోదు చేసుకున్న చోటుకు మళ్ళీ చేర్చగలదా, బ్యాటరీ అయిపోతే నడిసముద్రంలోనే మార్చుకోగలమా అన్నవి చూసుకుంటే చాలు. ఈ లెక్క ప్రకారమే మేము గార్మిన్ కంపెనీ ఇ-ట్రెక్స్ 10 తీసుకున్నాం. ఈ సమీక్ష ప్రధానంగా దాని గురించే. కొనేముందు దాని పక్కన పెట్టి చూసిన మిగిలిన సెట్ల సంగతి కూడా అవసరమైనంత మేరకు చెబుతాను.

నేను గుంటూరులో ఉంటాను. బోటు మా అక్క వాళ్ళది. నిజాంపట్నం హార్బరు నుంచి మా బావ, ఆయన తమ్ముడు, ఇద్దరు కలాసీలు దాన్ని నడుపుతారు. సాయంత్రం వెళ్ళి తెల్లవారి తిరిగివచ్చే వేట ఎక్కువ. చేప దొరికే తీరును బట్టి ఒక్కోసారి మరో రాత్రి కూడా సముద్రం మీదే ఉండిపోతారు. బోటులో దిక్సూచి ఉంది గాని, బ్యాటరీ, వైరింగు ఏమీ లేవు. విశాఖపట్నం వైపు వేటాడేవారికి యారాడ కొండ వంటి గుర్తులు చాలా దూరం నుంచి కనబడతాయి. మన కృష్ణా డెల్టా తీరం అరచేయిలా చదునైనది. తాటిచెట్లు, సరుగుడు తోటలు తప్ప ఆనవాలు పట్టడానికి ఏమీ ఉండదు. బోటులో నిలబడి చూసే మనిషికి ఆ తాటితలలు కూడా సుమారు ఇరవై కిలోమీటర్లు దాటేసరికి భూమి వంపు కింద మరుగైపోతాయి. అందుచేత ఈ తీరంలో చిన్న బోటుకు సైతం జీపీఎస్ విలాసం కాదు.

ఫోను ఉండగా ఇంకొకటి ఎందుకన్న ప్రశ్న మా ఇంట్లోనూ వచ్చింది. ఫోనులోని జీపీఎస్ పనిచేయడానికి టవరు సిగ్నలు అవసరం లేదు. ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాలను అందుకోవడమే దాని పని కాబట్టి, ఒడ్డున ఉండగానే ఆఫ్‌లైన్ యాప్ సిద్ధం చేసుకుంటే నడిసముద్రంలో కూడా స్థానం సరిగానే చూపిస్తుంది. ఆ మాటకొస్తే చాలామంది బోటువాళ్ళు ఈ రోజుకీ ఫోనుతోనే నెట్టుకొస్తున్నారు. చిక్కంతా వాడకంలో ఉంది. ఉప్పునీటి తుంపర పడిన తెర వేలు పెట్టిన చోట కాక మరోచోట స్పందిస్తుంది, ఎండలో వేడెక్కి వెలుగు తానే తగ్గించుకుంటుంది, తెర వెలుగుతూ జీపీఎస్ నడుస్తూ ఉంటే ఒక రాత్రి గడవకముందే ఛార్జింగ్ హరించుకుపోతుంది. పైగా ఒడ్డు దగ్గరకు వచ్చాక సాయం కోసం ఫోను చేయవలసి వస్తే, ఆ ఒక్క సాధనమూ అప్పటికి చచ్చిపోయి ఉంటుంది. ఫోనును రెండో ఆధారంగా ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి ఉంచుకోవడం మంచిదే. దాన్నే మొదటి ఆధారం చేసుకోవడం మంచిది కాదు.

ఇక సెట్టు విషయం. ఇ-ట్రెక్స్ 10 పాత మోడలు, 2011లో వచ్చింది. అరచేతిలో ఇమిడిపోతుంది, బ్యాటరీలతో కలిపి 142 గ్రాములు. తెర 2.2 అంగుళాలు, రంగులు లేవు. ఈ రంగుల్లేని తెరే దీని బలమని నేను అంటాను. ఎండ ఎంత తీవ్రంగా ఉంటే అంకెలు అంత స్పష్టంగా కనబడతాయి. పగటిపూట లోపలి దీపం వెలిగించే పనే లేదు. రెండు పెన్సిల్ బ్యాటరీలతో 25 గంటలు నడుస్తుందని కంపెనీ చెబుతుంది. రాత్రిపూట దీపాన్ని అవసరమైనప్పుడే వెలిగించుకుంటే ఆ మాట దాదాపుగా నిలబడుతున్నది. బ్యాటరీలు ఎక్కడైనా దొరికేవే కావడం నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద సుగుణం: కొత్త జత సీలు తీయకుండా డబ్బాలో పడేసి ఉంచితే, ఛార్జింగ్ గొడవ లేకుండా రెండో రాత్రి కూడా గట్టెక్కుతుంది.

బటన్లు మొత్తం పక్కల్లో ఉంటాయి. ఎడమ పక్కన పైకి, కిందికి, మెనూ. కుడి పక్కన వెనక్కి, దీపం. ఆ దీపం బటనునే కాసేపు నొక్కి పట్టుకుంటే సెట్టు ఆన్, ఆఫ్ అవుతుంది. ముందువైపు, తెరకు ఎగువన కుడి మూలలో చిన్న పుల్ల లాంటి మీట ఒకటి ఉంటుంది. నాలుగు దిక్కులకూ కదిపి, లోపలికి నొక్కి ఎంపిక చేసుకోవాలి. బటన్లు రబ్బరువి, గట్టివి. తడిచేతికీ, చేపజిగురు అంటిన చేతికీ చక్కగా లొంగుతాయి. ఆ మీట మాత్రం లావుపాటి బొటనవేలుకు కాస్త చికాకే. అక్షాంశం, రేఖాంశం అంకెలు ఒక్కొక్కటిగా ఎక్కించవలసి వచ్చినప్పుడు, పక్క అంకె మీదికి జారిపోవడం, వెనక్కి రావడం, మళ్ళీ జారడం జరుగుతుంది. బోటు ఊగుతుండగా ఈ పని పెట్టుకోకూడదు. బయలుదేరక ముందే జెట్టీ మీద కూర్చుని పాయింట్లు ఎక్కించుకోవడం అలవాటు చేసుకోవాలి.

మరో లోపం తెర పరిమాణం. పాతికేళ్ళ కుర్రవాడికి ఇబ్బంది లేదు. నలభై దాటి చత్వారం వచ్చినవారికి తెల్లవారుజామున ఆ అంకెలు చదవడం కష్టమే. ట్రిప్ కంప్యూటర్ పేజీలో ఏ వివరాలు కనబడాలో మనమే ఎంచుకోవచ్చు. మా బావ వేగం, గమ్యానికి ఉన్న దూరం, గమ్యం దిక్కు డిగ్రీల్లో, ఈ మూడూ పైన ఉండేలా పెట్టుకున్నారు. సముద్రంలో అంతకు మించి చూడవలసిందేమీ లేదని ఆయన మాట.

అసలు పరిమితి వేరే ఉంది, దుకాణదారులు దాని ఊసెత్తరు. ఈ మోడలులో లోపల దిక్సూచి లేదు. మనం కదులుతున్నప్పుడు వరుసగా దొరికే స్థానాలను బట్టి ఏ దిక్కుకు పోతున్నామో సెట్టు లెక్కగడుతుంది. బోటు నడుస్తున్నంతసేపూ బాణం గుర్తు నమ్మకంగా చూపుతుంది. వల వేసి ఇంజను ఆపి, నీటివాలుకు కొట్టుకుపోతున్నప్పుడు ఆ బాణం అర్థంలేకుండా తిరుగుతూ ఉంటుంది. కొత్తవారు దీన్ని చూసి సెట్టు చెడిపోయిందనుకుంటారు. చేయవలసింది సులువు: బాణాన్ని వదిలేసి, గమ్యం దిక్కును డిగ్రీల్లో చూపే అంకెను చదివి, బోటులోని దిక్సూచిని బట్టి ముక్కు తిప్పుకోవాలి. అసలు ఉత్తరానికీ, దిక్సూచి చూపే ఉత్తరానికీ మన తీరంలో ఒక డిగ్రీ చుట్టుపక్కలే తేడా కనుక, సెట్టింగుల్లో ఏ ఉత్తరాన్ని ఎంచుకున్నా చిన్న బోటుకు నష్టం లేదు. ఇదే వరసలో వచ్చిన 22ఎక్స్ మోడలుకు రంగుల తెర, మ్యాపు ఉన్నాయి గాని, దిక్సూచి దానిలోనూ లేదు, 32ఎక్స్‌లో ఉంది. 22ఎక్స్‌కు అదనంగా పెట్టే సొమ్ము ముఖ్యంగా రంగుకూ, నేల మీది రోడ్ల మ్యాపుకూ పోతుంది. సముద్రంలో ఆ మ్యాపు నీలం కాగితమే.

2023లో వచ్చిన ఇ-ట్రెక్స్ ఎస్ఈ సంగతి వేరు. అదీ రంగుల్లేని తెరే, అవే రెండు పెన్సిల్ బ్యాటరీలు. కాని కంపెనీ లెక్కలో మామూలు వాడకానికి 168 గంటలు నడుస్తుంది, దిక్సూచి కూడా ఉంది. మేము కొన్నప్పుడు చేతికందిన ధరకు అది దొరకలేదు. ధరలో తేడా రెండు మూడు వేలకు మించకపోతే, ఇవాళ కొనేవారు దాన్నే ముందు చూడడం మేలు.

స్థానం ఎంత కచ్చితంగా చూపుతుందన్న విషయంలో వెచ్చించే డబ్బును బట్టి తేడా ఉంటుందనుకోవడం పొరపాటు. 2000 సంవత్సరం మే నెల మొదలయ్యేదాకా అమెరికా ప్రభుత్వం పౌరులకు అందే సంకేతాన్ని కావాలనే చెడగొట్టేది. అప్పట్లో వంద మీటర్ల వరకు తేడా వచ్చేది. ఆ ఆంక్ష ఎత్తేశాక, ఆకాశం బాహాటంగా కనబడే సముద్రం మీద ఎంత చవక సెట్టయినా కొద్ది మీటర్ల లోపల చూపిస్తుంది. ఇ-ట్రెక్స్ 10 అమెరికా జీపీఎస్‌తో పాటు రష్యా గ్లోనాస్‌ను కూడా పడుతుంది. మన నావిక్ వ్యవస్థను పట్టదు. నావిక్ పడుతుందని ఎవరైనా ఈ మోడలును అమ్మజూపితే ఆ మాట నమ్మవద్దు. అదే సమయంలో, నావిక్ లేదని వదులుకోవలసిన అవసరమూ వేటకు లేదు.

ఇప్పుడు చెప్పబోయేది సెట్టు ఏదైనా అందరికీ అవసరమైనది, పాయింట్లు తప్పడానికి నేను గమనించినంతలో అసలు కారణం అదే. అక్షాంశ రేఖాంశాలను రాయడానికి మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. గార్మిన్ సెట్టు పెట్టెలోంచి తీసినప్పుడు డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో దశాంశాలుగా చూపిస్తుంది. ఫోనులోని మ్యాపులు ఎక్కువగా డిగ్రీలనే దశాంశాల్లో చూపిస్తాయి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ, సముద్రపు పైనీటి వేడినీ, నీటిలోని పచ్చదనాన్నీ ఉపగ్రహాల ద్వారా చూసి, చేపలు చేరే అవకాశమున్న చోట్లను తెలుపుతూ ఇచ్చే సూచనల్లో డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు ఉంటాయి. ఒకరి అంకెలను మరొకరి పద్ధతిలో ఎక్కిస్తే ఏమవుతుందో చూడండి. సూచనలో 15 డిగ్రీల 40 నిమిషాల 30 సెకన్లు అని ఉంటే, గార్మిన్ పద్ధతిలో అది 15 డిగ్రీల 40.500 నిమిషాలు. ఆ 30ని అలాగే 40.300 అని కొడితే, నిమిషంలో అయిదో వంతు, అంటే సుమారు 370 మీటర్లు తప్పుతుంది. చేపల గుంపు కోసం వెళ్ళేవారికి అది లెక్కలోది కాకపోవచ్చు. వల చిక్కుకునే మునిగిన ఇనుము దగ్గర 370 మీటర్లంటే వల పోయినట్టే. ఫోనులో చూసిన 15.45 డిగ్రీలను 15 డిగ్రీల 45 నిమిషాలని కొట్టేవారి సంగతి ఇంకా అన్యాయం: 15.45 డిగ్రీలంటే 15 డిగ్రీల 27 నిమిషాలు మాత్రమే, తేడా 18 నాటికల్ మైళ్ళు, 33 కిలోమీటర్ల పైమాట. డీజిలు ధర తెలిసినవారికి ఈ అంకె గురించి వివరించనక్కరలేదు.

దీనికి మందు సెట్టింగుల్లోనే ఉంది. పొజిషన్ ఫార్మాట్ అన్నచోట కావలసిన పద్ధతి ఎంచుకుంటే, ఉన్న పాయింట్లన్నీ అదే పద్ధతిలోకి వాటంతటవే మారిపోతాయి. సూచనలోని అంకెలు ఎక్కించేముందు సెకన్ల పద్ధతికి మార్చుకుని, ఎక్కించాక మళ్ళీ పాత పద్ధతికి తెచ్చుకోవచ్చు. హార్బరులో తోటి సరంగులు ఏ పద్ధతిలో పాయింట్లు చెప్పుకుంటారో రోజువారీ వాడకానికి అదే ఉంచుకోవాలి. ఆ పక్కనే మ్యాప్ డేటమ్ (భూమి మీద అక్షాంశ రేఖాంశాలను లెక్కగట్టడానికి వాడే కొలమానం) అన్న మరో సెట్టింగు ఉంటుంది. అది జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 మీదే ఉండాలి. ఎవరి చేయి తగిలో భారతదేశపు పాత డేటమ్ మీదికి మారితే, అంకెలన్నీ సవ్యంగా ఉన్నట్టే కనబడుతూ స్థానం వంద మీటర్లకు పైగా పక్కకు జరుగుతుంది. దూరాన్ని నాటికల్ మైళ్ళలో పెట్టుకుంటే ఒక సౌలభ్యం ఉంది: అక్షాంశంలో ఒక నిమిషం ఒక నాటికల్ మైలు, 1852 మీటర్లు, ఉత్తర దక్షిణాల దూరం తెర చూడకుండానే నోటితో లెక్క కట్టవచ్చు. ఇన్‌కాయిస్ సూచనలో దూరం కిలోమీటర్లలో ఉంటుందన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధంలో ఈ సూచనలు రావు. కొత్త సెట్టు కొని, కూర్చుని నేర్చుకోవడానికి ఆ రోజులే అనువైనవి.

ఇ-ట్రెక్స్ 10లో వెయ్యి పాయింట్లు దాచుకోవచ్చు. చిన్న బోటుకు ఎక్కువే. తెలుగు అక్షరాలు లేకపోవడం వల్ల పేర్లు పెట్టుకోవడం మా వాళ్ళకు కష్టమైంది. సెట్టు తనంతట తాను ఇచ్చే 001, 002 అంకెలనే ఉంచుకుని, ప్లాస్టిక్ అట్ట వేసిన చిన్న నోటుపుస్తకంలో బావ వివరం రాసుకుంటున్నారు. ఒక పుటలో ఇలా ఉంది: “041, పాత ఇనుము, 14 బారల లోతు, తూర్పు పక్క వల వేయరాదు.” సెట్టు సముద్రంలో పడినా పాయింట్లు మిగలాలంటే అంకెలు కూడా ఆ పుస్తకంలో ఉండాలని నేను పట్టుబట్టి రాయించాను. పాయింట్లను కేబులు ద్వారా కంప్యూటరులోకి ఎక్కించుకునే వీలు ఉంది. వేట నిషేధం రోజుల్లో గుంటూరు తెచ్చి ఆ పని చేసిపెడతాను.

వెళ్ళిన దారినే తిరిగి చూపించే ట్రాక్ సదుపాయం రాత్రి తిరుగు ప్రయాణానికి ఎంతో పనికివస్తుంది. ఒక్కచోట మాత్రం దాన్ని నమ్మకూడదు, అది ఏరు సముద్రంలో కలిసే మొగ. డెల్టాలో మొగల దగ్గర ఇసుకమేటలు ఒకచోట నిలిచి ఉండవు. వరద తర్వాత, తుపాను తర్వాత లోతున్న దారి పక్కకు జరుగుతుంది. కిందటి ఏడాది గీత మీద కచ్చితంగా నడుపుకుంటూ వచ్చి ఇసుకలో కూరుకుపోతే సెట్టు చేసిన తప్పేమీ లేదు. మొగ బయట ఒక పాయింటు పెట్టుకుని, అక్కడివరకు జీపీఎస్ మీద వచ్చి, ఆ తర్వాత ఆటుపోట్లు, నీటిరంగు, ముందు పోయే బోటు చూసుకుని లోపలికి రావడమే పద్ధతి.

నీటి సంగతి. ఈ సెట్టుకు ఐపీఎక్స్7 గుర్తింపు ఉంది. ఒక మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోకూడదని దాని అర్థం. ఆ పరీక్ష మంచినీటితో చేసేది. మరో ముఖ్యమైన సంగతి, ఇ-ట్రెక్స్ తేలదు; చేయి జారిందంటే అడుక్కే పోతుంది. బావ వెనకవైపు కొక్కేనికి నైలాను తాడు కట్టి, ఆ తాడుకు వలకు కట్టే బెండు ఒకటి ముడివేశారు. దుకాణంలో తేలే సంచి అని అమ్మేదానికంటే ఇది చవక, గట్టిది కూడా. తేలే సెట్టే కావాలంటే గార్మిన్‌లోనే జీపీఎస్‌మ్యాప్ 78ఎస్, దాని తర్వాత వచ్చిన 79ఎస్ ఉన్నాయి; తెర పెద్దది, దిక్సూచి ఉంది, సముద్రం కోసమే తయారైనవి. మన ఇరవై వేల హద్దులో మాత్రం పట్టవు.

గట్టి పోటీ ఇచ్చింది గార్మిన్ స్ట్రైకర్ 4. అది నిజానికి చేపల జాడ, నీటి లోతు చూపే ఫిష్ ఫైండరు. దానిలోనే జీపీఎస్ ఉంది, మ్యాపు లేదు, పాయింట్లు మాత్రం అయిదు వేల దాకా పెట్టుకోవచ్చు. తెర 3.5 అంగుళాలు, రంగులది. ధర ఇ-ట్రెక్స్‌కు మరీ దూరం కాదు. లోతు చూపడమనే ఒక్క గుణం కోసమే చాలామంది దీన్ని ఎంచుకోవచ్చు, వాళ్ళను తప్పుపట్టను. ఉప్పునీటిలో 750 అడుగుల వరకు పనిచేస్తుందని కంపెనీ చెబుతుంది, మన చిన్న బోట్లు తిరిగే నీటికి అది పుష్కలం. అయితే దానికి 12 వోల్టుల బ్యాటరీ కావాలి, లోతు కొలవడానికి నీటిలోకి శబ్దాన్ని పంపి అందుకునే ట్రాన్స్‌డ్యూసరును బోటు వెనకభాగంలో నీటిలో ఉండేలా బిగించాలి. ఒడ్డు ఇసుక మీదికి లాగే బోటులో ఆ ముక్క ఏనాడో ఒకనాడు విరుగుతుంది. హార్బరులో నీటిలోనే కట్టి ఉంచే బోటయితే ఆ భయం లేదు. యూపీఎస్‌లలో వాడే ఏడు ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఒక రాత్రికి సరిపోతుంది, కాని ఆ బ్యాటరీని ప్రతి వేట తర్వాతా ఇంటికి మోసుకెళ్ళి ఛార్జి చేసే ఓపిక ఉండాలి. మా వాళ్ళకు ఆ ఓపిక లేదని అక్క ముందే తేల్చేసింది. బోటులో ఇప్పటికే బ్యాటరీ, లైట్లు ఉన్నవారైతే నేను ఇ-ట్రెక్స్ కంటే స్ట్రైకర్‌నే కొనమంటాను.

మెకనైజ్డ్ బోట్లకు ఫురునో జీపీ-39 వంటి బిగించే సెట్లు తగినవి. బయట యాంటెనా, 12 నుంచి 24 వోల్టుల కరెంటు, క్యాబిన్ నీడ ఉన్నచోట వాటికి సాటి లేదు. ఫైబర్ బోటులో ఎండకు, వానకు వదిలేయడానికి అవి కాదు.

హార్బర్లలో చేతులు మారే పాత సెట్ల గురించి ఒక మాట. 2019 ఏప్రిల్ 6న జీపీఎస్ వారాల లెక్క సున్నా దగ్గరకు తిరిగి వచ్చింది; ఆ లెక్క 1024 వారాలకొకసారి మొదటికొస్తుంది. దానికి సిద్ధంగా లేని పాత సెట్లు కొన్ని తేదీని దాదాపు ఇరవై ఏళ్ళు వెనక్కి చూపిస్తాయి. తేదీ తప్పు చూపినంతమాత్రాన అక్షాంశ రేఖాంశాలు తప్పని కాదు. ఆకాశం కింద పెట్టి ఫోనుతో పోల్చి చూడాలి. తేదీ తప్పిన సెట్టు సూర్యోదయం, ఆటుపోట్ల వేళలు చెబితే వాటిని పట్టించుకోకూడదు. అమ్మేవాడితో బేరానికి ఆ తప్పు తేదీ బాగా అక్కరకొస్తుంది.

కొనడం దగ్గరికి వస్తే, గుంటూరులో సముద్రపు సామగ్రి దుకాణమంటూ లేదు. విజయవాడలో భూముల సర్వే పరికరాలు అమ్మేవారి దగ్గర చేతి జీపీఎస్‌లు దొరుకుతాయి. బిగించే సెట్లకైతే కాకినాడ, విశాఖపట్నం హార్బర్ల చుట్టూ ఉండే దుకాణాలే దిక్కు. మేము మొదట ఆన్‌లైన్‌లో తెప్పించాం. కొత్తదని పంపిన సెట్టులో పాయింట్ల జాబితా తెరిస్తే అప్పటికే ఎవరివో పాయింట్లు పది దాకా ఉన్నాయి. ఒకదాని ఎత్తు మూడు వేల మీటర్ల పైన. ఏ మంచుకొండ మీదో తిరిగి వచ్చిన సెట్టును నిజాంపట్నం పంపారన్నమాట. ఆ రోజే వాపసు చేశాం; డబ్బు తిరిగి రావడానికి మాత్రం నెల దాటింది. అందుకని పెట్టె తెరవగానే బ్యాటరీలు వేసి వేపాయింట్ మేనేజరు (పాయింట్ల జాబితా), ట్రాకులు రెండూ ఖాళీగా ఉన్నాయో లేదో చూడండి.

రెండోసారి విజయవాడ దుకాణంలో తీసుకున్నాం. కౌంటరు దగ్గర ఉపగ్రహాలు చూపించమంటే ఏ సెట్టూ చూపించదు, పైన శ్లాబు ఉంది కాబట్టి. “బయటికి తీసుకెళ్ళి చూసుకోండి సార్, అయిదు నిమిషాలు ఆగండి” అని దుకాణదారే ఇచ్చి పంపాడు. అలా పంపని దుకాణంలో కొనవద్దనే నేను చెప్పేది. వేరే దేశంలోనో దూర రాష్ట్రంలోనో చివరిసారి ఆన్ చేసిన సెట్టుకు మొదటిసారి ఆకాశాన్ని పట్టడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, కంగారు పడనక్కరలేదు. సీరియల్ నంబరు వేసిన జీఎస్టీ బిల్లు అడిగి తీసుకోవాలి; బిల్లు లేకుండా రెండు వేలు తగ్గిస్తామన్న దుకాణం మరొకటి తగిలింది గాని, వారంటీ లేని జీపీఎస్ ఉప్పుగాలిలో ఎన్నాళ్ళుంటుందో పూచీ ఎవరిస్తారు?

అమెరికాలో ఉన్న చుట్టాల ద్వారా తెప్పించుకునేవారికి ఒక హెచ్చరిక. గార్మిన్‌లో ఇన్‌రీచ్ అన్న పేరుతో, ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే మోడళ్ళు ఉన్నాయి. మన దేశంలో అనుమతి లేకుండా అటువంటి పరికరం దగ్గర ఉంచుకోవడం చట్టవిరుద్ధం. విమానాశ్రయాల్లో కేసులు కూడా పెట్టారు. సంకేతాలు అందుకోవడమే తప్ప పంపని మామూలు జీపీఎస్‌కు ఈ బెడద లేదు.

బోట్లకు ప్రభుత్వమే ట్రాన్స్‌పాండర్లు (ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరాలు) ఉచితంగా బిగిస్తున్నప్పుడు వేరే జీపీఎస్ ఎందుకని కూడా అడుగుతున్నారు. 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రధాని ప్రారంభించిన ఈ పథకం కింద, 13 తీర రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో లక్ష బోట్లకు విడతలవారీగా ఇవి అమర్చాలన్నది లక్ష్యం. ఆపదలో ఒడ్డుకు సందేశం పంపగలగడం దాని గొప్పతనం. మామూలు జీపీఎస్ సెట్టు ఏదీ ఆ పని చేయలేదు. మీ బోటుకు వస్తే తప్పక పెట్టించుకోండి. కాని పాయింట్లు దాచుకుని రోజూ దారి చూసుకునే పనికి చేతిలో వేరే సెట్టు ఉండడం అవసరమే. అక్కడ ఒకటి మొరాయిస్తే ఆదుకునేది రెండోదే.

సంరక్షణ పెద్ద పనేమీ కాదు, కాని మానకూడదు. ఒడ్డుకు వచ్చాక మంచినీటితో కడిగి, గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టాలి. వెనక మూత తీసి బ్యాటరీ రేకుల మీద పచ్చటి పొక్కు కనబడితే పొడిగుడ్డతో రుద్దేయాలి. కేబులు పెట్టే రంధ్రానికి రబ్బరు మూత ఉంటుంది. నీరు దిగడానికి వీలున్న చోట్లలో అదొకటి కనుక, ఆ మూత వదులైతే సెట్టును సముద్రంలోకి తీసుకెళ్ళేముందే బాగు చేయించుకోవాలి. ఛార్జి చేసుకునే బ్యాటరీలు వాడేవారు సెట్టింగుల్లో బ్యాటరీ రకం మార్చుకోవాలి, లేకపోతే మిగిలిన ఛార్జి గుర్తు తప్పు చూపిస్తుంది. వేట నిషేధం రెండు నెలలూ బ్యాటరీలు తీసి విడిగా పెట్టాలి. లోపలే వదిలేసిన బ్యాటరీ కారితే ఆ రేకులు మళ్ళీ బాగుపడవు, అలా కారినదానికి వారంటీ కూడా వర్తించదు.